తెల్లపోగు

మగ్గం గుంటలో కూర్చున్న రాజమల్లయ్య నాడెలో ఎవరు చుట్టిన కండె పెట్టుకుంటున్నాడో కొండవ్వ కన్ను కనిపెట్టని పూట లేదు. గుంటకు అటొకటి ఇటొకటి రెండు గంపలుండేవి. కుడివైపు గంపలో కొండవ్వ రాట్నం మీద చుట్టిన నూలు కండెలు, ఎడమవైపు గంపలో ఆమె సవతి చుట్టినవి. కొండవ్వ కండె చింతగింజలా గట్టిగా ఉండేది. చివరి జానెడు దాకా నూలు సాఫీగా విడిచేది. సవతి కండె వదులు. నాడె నాలుగుసార్లు అటూ ఇటూ పరుగెత్తేసరికి చిక్కుపడి పోగు తెగేది. అయినా రాజమల్లయ్య చెయ్యి ఎడమవైపుకే పోయేది. తెగిన పోగును నోటి తడితో అతుకుతూ తనలో తాను నవ్వుకునేవాడు కూడా. ఆ నవ్వు కొండవ్వకు పచ్చిమిరపకాయ కొరికినట్లుండేది. తన కండె ఒక్కసారి తెగితే చాలు, ఈ మనిషే "అవి చేతులా, చేటలా?" అని సాలెవాడ మొత్తం వినేలా అరిచేవాడు.

సవతిని తెచ్చింది అత్త ఎల్లవ్వ. కొండవ్వ కడుపు పండలేదని ఏళ్ల తరబడి సాధించి సాధించి, చివరికి కొండవ్వ చేతనే బొట్టు పెట్టించి కొండపాక నుంచి రెండో కోడలిని తీసుకొచ్చింది. పిల్ల పేరు బాలలక్ష్మి. తల్లి లేని పిల్ల. వచ్చిన నాటి నుంచి "అక్కా, అక్కా" అంటూ కొండవ్వ కొంగు పట్టుకుని తిరిగేది. కొండవ్వ మాత్రం ఆ పేరు నోట పలకలేదు. "కొండపాకది" అనేది. కొండపాకది ఇంకా నిద్ర లేవలేదు, కొండపాకది అద్దం వదల్లేదు, కొండపాకది పప్పులో ఉప్పు మరిచింది.

పిల్ల ఎక్కడుంటే కొండవ్వ అక్కడ. పిల్ల బావి దగ్గరికి పోతే కొండవ్వకూ బిందె ఖాళీ అయ్యేది. పిల్ల మేనబావ దత్తాత్రి ఎప్పుడైనా కొండపాక నుంచి కాసిని జొన్నలు పట్టుకొస్తే, అతడు వాకిట్లో కూర్చున్నంత సేపూ కొండవ్వ గడపలో కూర్చుని రాళ్లు లేని బియ్యంలో రాళ్లు ఏరేది. ఒక్క తప్పు దొరికితే చాలు, జుట్టు పట్టి వాకిట్లోకి ఈడుద్దామని ఆమె ఆశ. దొరకలేదు.

రెండో ప్రపంచ లడాయి ముగిసిన మరుసటి ఏడు బాలలక్ష్మి నీళ్లాడింది. పుట్టింట తల్లి లేదు కనుక పురుడు ఇక్కడే. పొద్దెక్కుతుండగా మంత్రసాని తలుపు తీసి "ఆడపిల్ల" అంది. ఎల్లవ్వ మొహం చిన్నబోయింది. కొండవ్వకు మాత్రం గుండె మీది బరువు దిగినట్లయింది. కొడుకైతే ఇల్లే దానిదయ్యేది మరి. ఆ సంతోషం గుక్కెడు నీళ్లు తాగినంత సేపు కూడా నిలవలేదు. మంత్రసాని మళ్లీ బయటికొచ్చి ఎర్రబడ్డ చేతులు చూపించి, నెత్తురు ఆగుతలేదు, నాతోని గాదు అంది. మంచంతో సహా ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తారు.

దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరు మధుసూదన్ లడాయిలో పనిచేసి వచ్చినవాడు. అక్కడ ఒకరి రక్తం తీసి ఇంకొకరికి ఎక్కించి, గుండు దెబ్బ తిన్న సిపాయిలను లేపి కూర్చోబెట్టాడని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. నమ్మినవాళ్లు తక్కువ. ఆయన బాలలక్ష్మి కనురెప్ప కిందికి లాగి చూశాడు. లోపల రంగు వేయని నూలులా తెల్లగా ఉంది. సూదిమందుతో నెత్తురు ఆపగలిగాడు గానీ, పోవలసింది అప్పటికే పోయింది.

"రక్తం ఎక్కియ్యాలె. లేకుంటే దక్కదు. ఇంటోళ్లు ఎవరెవరున్నరు?"

ముల్లు గుచ్చుకుంటేనే కళ్లు తిరిగే రాజమల్లయ్య అంగీ చెయ్యి భుజం దాకా లాక్కుని ముందుకొచ్చాడు. "నాది తీస్కోండ్రి సారూ. ఎంత గావాల్నో అంత తీస్కోండ్రి."

కొండవ్వ ఆ చేతి వంక చూసింది. తాను చలిజ్వరంతో మంచం పట్టినప్పుడు కషాయం గిన్నె అందియ్యడానికి చాపని చెయ్యి అది.

ఎల్లవ్వ కొడుకు రెక్క పట్టుకుంది. "ఓరి మల్లిగా, ఆగురా! ఒక్క నెత్తురోళ్లు తోబుట్టువులు గాదా? నీ నెత్తురు దాని ఒంట్ల పోతే అది నీకు చెల్లె అయితది గద! రేపు చెల్లెతోని సంసారం జేస్తవా?"

"మనిషే పోతుంటే సంసారమేందే అవ్వా!"

అత్త మాట కొండవ్వ చెవిలో తేనె పోసినట్లు దిగింది. నిజమే కదా. మొగుడి రక్తం ఎక్కితే కొండపాకది మొగుడికి చెల్లెలవుతుంది. అంటే తనకు ఆడబిడ్డ. ఆడబిడ్డకు పండక్కి చీర పెట్టి పంపితే తీరిపోయె. ఎడమవైపు గంప ఇక పొయ్యిలోకి.

"ఇయ్యనియ్యి అత్తా," అంది ఎన్నడూ లేని మెత్తదనంతో. "పానం కంటె ఎక్కువనా?"

"రక్తం ఎక్కిస్తె చుట్టరికాలు మారవు పెద్దమ్మా," అన్నాడు డాక్టరు గాజుపలక తుడుచుకుంటూ. ఆయన మాట ఎవరూ వినిపించుకోలేదు. "ముందు కలుస్తదో లేదో చూడాలె. అందరి రక్తం ఎర్రగనే ఉంటది గానీ అందరిదీ ఒక్కటి గాదు. కలవనిది పోస్తే ఉన్న పానం గూడ పోతది."

చిన్న సీసాల నుంచి రెండు రకాల మందునీళ్లు పలక మీద చుక్కలుగా వేశాడు. వాటిలో బాలలక్ష్మి వేలి రక్తం కలిపాడు. రెండు చుక్కల్లోనూ రక్తం చక్కగా కలిసి ఎర్రనీళ్లలా నిలిచింది. పక్కన రాజమల్లయ్యది కలిపాడు. ఒక చుక్కలో బాగానే ఉంది. రెండోదాంట్లో చూస్తుండగానే విరిగిన పాలలా గడ్డలు గడ్డలుగా తేలింది.

"నీది బి గుంపు. ఆమెది ఓ గుంపు. నీది ఆమెకు పనికిరాదు."

రాజమల్లయ్య చాపిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. కొండవ్వ సంబరం కూడా ఆ పలక మీదే విరిగింది.

ఎల్లవ్వ వేలు గుచ్చారు. ఆమెదీ ఓ గుంపే. అయితే ఆమె చెయ్యి పట్టి చూసి డాక్టరు వదిలేశాడు. "నీ ఒంట్ల ఉన్నది నీకే సాలదు పెద్దమ్మా." తర్వాత గోడకు ఆనుకుని నిలబడ్డ కొండవ్వ వైపు తిరిగాడు. "నువ్వేమైతవమ్మా ఆమెకు?"

"నేను ఆయన పెద్ద పెండ్లాన్ని."

డాక్టరు వేలు ఇమ్మన్నాడు. గుచ్చాడు. పలక మీద రెండు చుక్కలూ ఎర్రనీళ్లలా నిలిచాయి. ఓ గుంపు.

ఎల్లవ్వ చేతులెత్తి ఏ దేవుడికో దండం పెట్టింది. "మంచిగైంది! నువ్విస్తె అది నీకు సొంత చెల్లె అయితది బిడ్డా. అక్కచెల్లెండ్లను ఒక్క ఇంటికి ఇచ్చుడు మనల కొత్తనా? ఇగ సవతి అన్న మాటనే ఉండదు."

అదే కొండవ్వ గుండెలో పొడిచింది. సవతి అన్న మాటే లేకపోతే ఆమె చేతిలో మిగిలేదేమిటి? ఇప్పుడు తిట్టినా కొట్టినా సవతి పోరు అని వాడ సరిపెట్టుకుంటుంది. రక్తం పంచిన చెల్లెలిని తిడితే ఊరుకుంటుందా? పైగా మొగుడికి అది మరదలి వరస కూడా కలుస్తుంది. మరదలితో సరసానికి అడ్డేముంది?

"నాకు కండ్లు తిరుగుతున్నయి. నాతోని గాదు," అని వరండాలోకి పోయి కూర్చుంది.

ఎవరూ బతిమాలలేదు. డాక్టరు మటుకు గుమ్మం దాకా వచ్చి, "బలవంతం లేదమ్మా. కానీ జల్ది ఆలోచించు," అని లోపలికి పోయాడు. కొండవ్వ మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుంది. దాని రాత అట్లా ఉంటే నేనేం చేస్తాను అనుకుంది. నేను చంపుతున్నానా? లోపల తల్లీకొడుకుల మాటలు కిటికీలోంచి వినపడుతూనే ఉన్నాయి.

"ఏడ్వకురా. పసుపుకుంకుమలతోని పోతది. పేరంటాలై ఇంటిని కాపాడుతది," అంటోంది ఎల్లవ్వ. "దేవుని గూట్ల నిలుపుకుందాం."

"అట్లనే అవ్వా. ఏటేట దాని పేరు మీద ఎర్రచీర నా చేతులతోని నేస్త. ఏ పండుగొచ్చినా తొలి ముద్ద దానిదే."

కొండవ్వ తల ఎత్తింది.

ముత్తైదువుగా పోయిన ఆడదాన్ని ఇంటి దేవతగా నిలుపుకోవడం వాళ్లలో ఉన్నదే. గూట్లో పసుపు ముద్ద, దాని ముందు దీపం, కొత్త చీర, తొలి వంట. ఆ వంట ఎవరు చెయ్యాలి? తానే. ఆ దీపం ఎవరు పెట్టాలి? తానే. తడిబట్టతో నిలబడి "అమ్మా, చల్లగ చూడు" అని కొండపాకదానికి చేతులెత్తి మొక్కాలి. మొగుడు తనకంటూ ఏనాడూ చీర నేయలేదు. అంచు చెడితే అది తనకు పడేసేవాడు. ఇప్పుడు ఏటేటా ఒక ఎర్రచీర! బతికున్న సవతి పప్పులో ఉప్పు మరుస్తుంది, కండె వదులుగా చుడుతుంది, నాలుగేళ్లు పోతే చెంపలు జారి ముసలిదవుతుంది. చచ్చిన సవతి ఏ తప్పూ చెయ్యదు. ముసలిది కూడా కాదు. గూట్లో కూర్చున్నదానితో ఎవరు గెలుస్తారు?

దిగ్గున లేచి లోపలికి వచ్చి రాజమల్లయ్యను ముంజేతితో పక్కకు నెట్టింది. "తీస్కో సారూ. ఒక్క మాట మాత్రం జెప్పు. రేపు నాకిట్లనే అయితే నాకెవరిది ఎక్కుతది?"

"నీది ఎవరికన్న పోయొచ్చు. నీకు మాత్రం ఓ గుంపుదే గావాలె. వేరేది పడదు. మీ ఇంట్ల అయితే..." డాక్టరు మంచం వైపు చూశాడు. "ఇగో, ఈమెదే."

"గిదేం న్యాయం సారూ! అందరికిచ్చేటిదాన్ని నేనా? నాకిచ్చేటిది ఈ కొండపాకదొక్కతేనా?"

"రక్తం అంతేనమ్మా. చెయ్యి సాపు."

సూది దిగింది. సీసాలోకి తన రక్తం నల్లగా, చిక్కగా దిగడం కొండవ్వ కళ్లప్పగించి చూసింది. ఇంతదీ దానికేనా అని ఒక మూల మండుతూనే ఉంది. సీసా మంచం పక్క కొయ్యకు వేలాడింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి బాలలక్ష్మి పెదవుల్లో రంగు కనిపించింది. కళ్లు తెరిచి గొంతు పెగల్చుకుని, "అక్కా," అంది.

"మాట్లాడకు. నా రక్తం దండుగ జెయ్యకు," అంది కొండవ్వ.

*

తల్లీపిల్లా ఇంటికి పోయే రోజు వచ్చింది. ఈ లోపల సాలెవాడకు కొత్త కాలక్షేపం దొరికింది. "మీ ఇంట్ల ఆడోళ్లందరిదీ ఒక్క గుంపట గద మల్లన్నా. నీదొక్కటే వేరేనట!" అని పక్క మగ్గం రాజలింగం రోజూ గుచ్చేవాడు. "అత్త, కోడండ్లు ఒక్కటై నిన్ను ఎల్లగొట్టెటట్టున్నరు." రాజమల్లయ్యకు అది లోలోపల పట్టుకుంది. ఇంట్లో తన వైపు ఒక్కరైనా ఉండాలి కదా. దవాఖాన నుంచి బయల్దేరుతూ పిల్లను డాక్టరు ముందు పెట్టాడు.

"దీంది నా గుంపేనా సూడుండ్రి సారూ."

డాక్టరు పిల్ల మడమ గుచ్చి పలక మీద చూశాడు. "ఓ. వీళ్ల గుంపే," అన్నాడు నవ్వుతూ. ఇంకేదో చెప్పబోయాడు. అంతలో వర్గల్ దిక్కు నుంచి కాలు విరిగిన మనిషిని బండిలో తెచ్చారు. ఆయన అటు పోయాడు.

ఆ సాయంత్రం రాజలింగానికి అది తెలియనే తెలిసింది. "అరె, మామిడి చెట్టుకు మామిడి గాస్తది. నీ బి చెట్టుకు ఓ కాయ ఎట్ల గాసింది మల్లన్నా?" అన్నాడు. నవ్వడానికే అన్నాడు. రాజమల్లయ్య నవ్వలేదు.

మర్నాడు మగ్గం చప్పుడు లేదు. రెండు గంపల్లోనూ కండెలు నిండుగా ఉన్నాయి. చెయ్యి ఎటూ పోవడం లేదు. పెరట్లో గిన్నెలు తోముతున్న కొండవ్వ పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఎన్నేళ్లయిందో ఆయన అట్లా వచ్చి కూర్చుని.

"కొండా," అన్నాడు. "ఆ దత్తాత్రి మనింటికి ఎప్పుడెప్పుడొచ్చిండు?"

కొండవ్వ చేతిలో గిన్నె ఆగింది. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. అది తన గొంతే. ఇన్నాళ్లూ తాను ఏ మంటలో కాలుతోందో, ఆ మంట ఆయన కళ్లలో ఎర్రగా కనపడుతోంది. కాలనీ, అనుకుంది. పచ్చికట్టెలా పొగలు కక్కుతూ కాలనీ.

"ఎందుకు?"

"చెప్పరాదు. దాని గురించి నీకు తెల్వనిదేమున్నది?"

ఒక్క "ఏమో" చాలు. పెదవి విరిచినా చాలు. చావూ లేదు, పేరంటాలూ లేదు, గూట్లో దీపమూ లేదు. బతికుండగానే కొండపాకది కొండపాక చేరుతుంది. ఇన్నాళ్లు రాళ్లు లేని బియ్యంలో ఏరిన రాయి ఇదిగో, చేతిలోనే ఉంది.

"యాదికి లేదు. రేపు జెప్త," అంది.

ఆయన లేచి లోపలికి పోయాడు. కాసేపటికి "బిడ్డను తీస్కొని మీ ఊరికి పో. మీ బావ ఉన్నడు గద!" అన్న అరుపు, వెనకాలే బాలలక్ష్మి ఏడుపు, పిల్ల ఏడుపు వినిపించాయి.

మర్నాడు పొద్దున్నే కొండవ్వ దవాఖానకు పోయింది. రక్తం ఇచ్చాక నీరసం తగ్గడానికి ఇచ్చే మందు కోసమని చెప్పింది గానీ, ఆమె పోయింది వేరే పనికి. గెలిచేటప్పుడు పూర్తిగా గెలవాలని ఆమె ఆశ. డాక్టరు నోటి మాట కూడా తోడైతే ఇక ఎదురుండదు.

"సారూ, బి గుంపోనికి ఓ బిడ్డ పుట్టుడు కాని పనే గద?"

"ఎందుకు గాదమ్మా? మంచిగైతది." డాక్టరు కుర్చీ లాగి కూర్చోమన్నాడు. "ప్రతి మనిషికి రెండు పాళ్లుంటయి. అమ్మ ఇచ్చింది ఒకటి, నాయిన ఇచ్చింది ఒకటి. బి అన్నది పైకి కనబడుతది. ఓ అన్నది దాని పక్కన ఉంటే కనబడది."

కొండవ్వ కొంగు అంచును వేలికి చుట్టింది. "తెల్లపోగు మీద ఎర్రపోగు ఒత్తుగ చుడితే నూలు ఎర్రగనే కనబడ్డట్టా?"

"అట్లనే అనుకో. ఓ గుంపోళ్లవి రెండూ తెల్లపోగులు. మీ అత్తది ఓ. అంటె కొడుక్కు ఆమె ఇచ్చింది తెల్లదే. ఎర్రది వాళ్ల నాయిన ఇచ్చి ఉంటడు. మీ ఆయన బిడ్డకు ఇచ్చేటప్పుడు ఎర్రదన్న ఇయ్యొచ్చు, తెల్లదన్న ఇయ్యొచ్చు. ఈ పిల్లకు తెల్లది వచ్చింది."

"అయితే ఆయన బిడ్డనే అన్నట్టా?"

"రక్తం కాదని జెప్పగలదు గానీ అవునని జెప్పలేదమ్మా. నేను జూసినంతల అయితే ఇక్కడ కాదని మాత్రం జెప్తలేదు."

దారంతా కొండవ్వ ఆ మాటనే నెమరేసుకుంటూ నడిచింది. ఈ సంగతి తెలిసింది తనకొక్కదానికే. చెప్పకపోతే అడిగేవాడు లేడు. ఇల్లు చేరేసరికి వాకిట్లో బాలలక్ష్మి మూట ముందు పెట్టుకుని, పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. అయినా చెంపల్లో ఎరుపు బాగానే ఉంది. ఆ ఎరుపు కొండవ్వది. సీసా నిండా దిగిన రక్తం, పాలూ పెరుగూ తాగి తాను కూడబెట్టుకున్న రక్తం, మూట నెత్తిన పెట్టుకుని కొండపాక బాట పట్టడానికి కూర్చుంది. రేపు తానే మంచాన పడితే చాపడానికి ఉన్న ఒక్క చెయ్యి కూడా దానితోనే పోతుంది. పిల్ల నిద్రలో మూతి ముడిచింది. దానిదీ తన గుంపే. ఈ ఇంట్లో తనకంటూ ఒకటి, వేలితో చూపించి నాది అనగలిగేది, ఇప్పటిదాకా కుడివైపు గంప తప్ప లేదు.

గడప దాటి మగ్గం దగ్గరికి పోయింది. రాజమల్లయ్య గుంటలో ఊరికే కూర్చున్నాడు. కొండవ్వ కుడివైపు గంపలోని కండెల నుంచి ఒక ఎర్రపోగు, ఒక తెల్లపోగు లాగి, తెల్లదాని మీద ఎర్రది ఒత్తుగా చుట్టి ఆయన ముక్కు ముందు ఊపింది.

"ఏం రంగు?"

"ఎర్ర. ఏందిది?"

"గిది నువ్వు." చుట్టు విప్పి తెల్లపోగు వేరు చేసి ఆయన ఒళ్లో పడేసింది. "గిది మీ అవ్వ ఇచ్చింది. నీ లోపల దాగి ఉన్నది. నీ బిడ్డకు నువ్వు గిదిచ్చినవు. సార్ జెప్పిండు. నమ్మకుంటే పోయి అడుగు."

రాజమల్లయ్య పోగు వంక, ఆమె వంక చూశాడు. "మరి దత్తాత్రి?"

"ఆయన వచ్చినప్పుడల్ల గడపల నేను కూసున్న. బాయికాడ నేనున్న. అది తుమ్మితే నాకెరుక, తూగితే నాకెరుక. తప్పు దొరికితే నీకంటె ముందు నేనే దాని జుట్టు పట్టుకునేదాన్ని గాదా? నా కన్ను గప్పి పోగలుగుతదా ఆ కొండపాకది?" గొంతు ఒక్కసారి పైకి లేచింది. "రక్తం అవునని జెప్పలేదంట. నేను జెప్తున్న, అవును."

బయట ఎల్లవ్వ ముక్కు చీదింది. రాజమల్లయ్య తల వంచుకుని ఆ పోగును వేలికి చుట్టుకున్నాడు. తర్వాత లేచి వాకిట్లోకి పోయి మూట లోపలికి తెచ్చి పెట్టాడు.

"ఇంకొకటి," అంది కొండవ్వ. "ఈ ఇంట్ల మేమందరం ఒక్క గుంపు. పరాయి రక్తం నీదొక్కటే. పొమ్మనేటప్పుడు గది యాది పెట్టుకో."

బాలలక్ష్మి పిల్లను తెచ్చి కొండవ్వ ఒళ్లో పడుకోబెట్టి, "అక్కా," అని ఏదో అనబోయింది. "పోయి మొఖం కడుక్కో," అంది కొండవ్వ. పిల్లను మాత్రం తిరిగి ఇవ్వలేదు.

బాలలక్ష్మి మొహం కడుక్కుని వచ్చి రాట్నం ముందు కూర్చుని, కొత్తగా నాలుగు కండెలు చుట్టి ఎడమవైపు గంపలో పైన వేసింది. మధ్యాహ్నానికి మగ్గం కదిలింది. రాజమల్లయ్య నాడె చేతిలోకి తీసుకుని కండె కోసం చెయ్యి చాపాడు. చెయ్యి ఎడమవైపు గంపలోకే పోయింది. కొండవ్వ పళ్ల కింద అదే పచ్చిమిరపకాయ. పిల్లను ఊపుతున్న మోకాలు ఆపి, ఎప్పుడు తెగుతుందా అని చెవులు రిక్కించింది. నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. పోగు తెగలేదు.

"ఎట్ల తెగుతది?" అంది కొండవ్వ పిల్ల చెవిలో, మొగుడికి వినపడేలా. "చుట్టిన చేతులల్ల ఉన్నది ఎవరి రక్తమనుకున్నవు?"